రేవు పేరు ఊరి పేరు కాదు: ఓడెక్కిన ముత్తాత పుట్టుచోటును వెతికే పద్ధతి

మా ఇంట్లో ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది. మా ముత్తాతగారికి కలకత్తా రేవులో ఇచ్చిన డిశ్చార్జి పుస్తకం (ఓడ పనివారి ఉద్యోగపు లెక్క రాసే పుస్తకం), మడతల దగ్గర విడిపోవడానికి సిద్ధంగా ఉన్న రెండు కాగితాలు, మూత విరిగిన ఒక రంగం (బర్మా) లక్క బరిణె అందులో ఉన్నాయి. పుస్తకంలో ఆయన పేరు, తండ్రి పేరు, వయసు, ఎడమ కనుబొమ మీది గాటు, బొటనవేలి ముద్ర ఉన్నాయి. పుట్టిన చోటు అన్న గడిలో మాత్రం ఒకే ఒక్క మాట ఉంది: గంజాం. బరంపురంలో పుట్టి పెరిగిన నాకు ఆ మాటను సందేహించాలన్న ఆలోచనే రాలేదు. ఋషికుల్య సముద్రంలో కలిసే చోట ఉన్న గంజాం పట్నమే ఆయన పుట్టిన ఊరనుకుని, రెండేళ్లపాటు సెలవు దొరికినప్పుడల్లా అక్కడికి వెళ్లి మా ఇంటిపేరు విన్నవారున్నారా అని వాకబు చేశాను. ఒక్కరూ లేరు. గుమాస్తా రాసినది ఊరు పేరు కాదు, జిల్లా పేరు.

ఓడల మీద బతికినవారి మూలం వెతకడంలో మొదటి చిక్కు ఇదే. రేవులో పేరు రాసుకునే మనిషికి ఎదుటివాడి పల్లెతో పని ఉండదు; తనకు తెలిసిన పెద్ద పేరు ఒకటి తగిలించి పంపేస్తాడు. కోరంగి రేవు నుంచి వచ్చిన ఓడల వల్ల బర్మాలో తెలుగువారందరికీ కోరంగీలన్న పేరే స్థిరపడింది. వారిలో కోరంగిని కంటితో చూడనివారు ఎందరో ఉంటారు. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో మద్రాసు ఓడ దిగినవారందరూ మద్రాసీలయ్యారు. ఒడిశా తీరంలో మన జాలరులందరూ నోలియాలయ్యారు. కాబట్టి ఏ కాగితంలో ఏ స్థలం పేరు కనిపించినా, అది ఎక్కిన రేవా, జిల్లా కేంద్రమా, కొంతకాలం కాపురమున్న చోటా, నిజంగా పుట్టిన ఊరా అన్న ప్రశ్న వేసుకున్న తరువాతనే అడుగు ముందుకు వేయాలి.

నేను ఒక నోటుబుక్కులో ప్రతి తరానికీ ఒక గడి గీసుకున్నాను. కాగితంతో రుజువైనది సిరాతోను, నోటిమాటగా విన్నది పెన్సిలుతోను రాస్తాను. చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ పక్కనే ఉంటాయి. ఇది చాదస్తంగా కనిపించవచ్చు. కానీ ఆరు నెలలు గడిచేసరికి విన్న మాట చదివిన మాటలా అనిపించడం మొదలవుతుంది.

ఆనాటి పటం

వెతికేవారు ముందుగా చేయవలసిన పని, నేటి జిల్లాల పటాన్ని పక్కన పెట్టి ముత్తాత నాటి పటాన్ని ఎదుట పెట్టుకోవడం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అప్పటి గంజాం చిలక సరస్సు నుంచి దక్షిణాన చికాకోలు దాకా, అంటే నేటి శ్రీకాకుళం దాకా సాగింది; బరంపురం, ఛత్రపురం, అస్కా, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, నరసన్నపేట అన్నీ అందులోనివే. అందుచేత 1936కు ముందటి కాగితంలో గంజాం అని ఉంటే, ఆ మనిషి ఊరు నేడు ఒడిశాలోని గంజాం జిల్లాలో ఉండవచ్చు, 1992లో విడివడిన గజపతి జిల్లాలో ఉండవచ్చు, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం జిల్లాలో కూడా ఉండవచ్చు.

సోంపేట పరిసరాల్లోని ఒక పల్లెను తీసుకుందాం. 1936 వరకు దాని కాగితాలు గంజాం జిల్లా పేరుతో ఉంటాయి. సరిహద్దు గీసిన తరువాత మద్రాసు వైపు మిగిలిన భాగాన్ని విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950లో శ్రీకాకుళం వేరే జిల్లా అయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాయి. ఆ పల్లె గజం దూరం కూడా కదలకుండా మూడు జిల్లాల పేర్లు, మూడు రాష్ట్రాల పేర్లు మోసింది. ఒక కార్యాలయంలో 1920ల నాటి దస్తావేజు నకలు కోసం నేను నేటి జిల్లా పేరుతో అర్జీ పెట్టుకున్నాను. మూడు నెలల తరువాత ఆ పేరుతో రికార్డు లేదని తిరిగి వచ్చింది. పాత జిల్లా, పాత తాలూకా, నేటి పేరు మూడూ వరుసగా రాసి మళ్లీ పెట్టాను. అప్పుడు దొరికింది.

ఐర్లండ్ నుంచి అమెరికా వలస రాజ్యాలకు నావికులుగా వెళ్లినవారి వారసులదీ దాదాపు ఇదే కథ. ముత్తాత ముత్తాత కార్క్ రేవులో ఓడెక్కాడని తెలుస్తుంది గాని పుట్టిన గ్రామం తెలియదు. వారికి మరో కష్టం కూడా ఉంది: 1922 అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని ప్రభుత్వ రికార్డుల భవనం కాలిపోయి శతాబ్దాల కాగితాలు బూడిదయ్యాయి. మన కాగితాలు అలా ఒక్కసారిగా కాలిపోలేదు. చెన్నైకి, భువనేశ్వర్‌కు, శ్రీకాకుళానికి చెదిరిపోయాయి. చెదిరినవాటిని తిరిగి పోగుచేయవచ్చు.

ఇంట్లో వెతకవలసినవి

కార్యాలయాల మెట్లెక్కే ముందు ఇంటి పెద్దల మాటలను అవి పలికిన రూపంలోనే రాసుకోవాలి. మా మేనత్త ఆయన రంగం పోయాడనేది, రంగూన్ అనేది కాదు. రంగం అంటే బర్మా. మోరిస్ అంటే మారిషస్. నాటాలు అంటే దక్షిణాఫ్రికా. దీవులకు పోయాడు అన్నప్పుడు మాత్రం తొందరపడకూడదు. చెరకు తోటల దీవులా, శిక్ష పడి పంపిన అండమానా అన్నది ఆ మాటలో తేలదు. ఇంట్లో పెద్దలు గొంతు తగ్గించి చెప్పే తీరును బట్టి కొంత ఊహించవచ్చు. ఆయన ఓడలో పనివాడా, లేక ఓడలో వెళ్లిన కూలీయా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. తండేలు, సరంగు, సుఖాని, కలాసి, భండారీ అన్న మాటలు వినిపిస్తే ఆయన ఓడ సిబ్బంది. మేస్త్రీ, బయానా, మిల్లు, గోదీ అన్న మాటలు వినిపిస్తే కూలి పనికి వెళ్లినవాడు. ఈ రెండు దారులకూ కాగితాలు వేరు.

పుట్టిన సంవత్సరం అంకెల్లో ఎవరూ చెప్పరు, సంఘటనతో చెబుతారు. నాఅంక కరువు అంటే 1866. ధాత కరువు అంటే 1876తో మొదలైన కరువు. రంగం మీద బాంబులు పడిన ఏడు అంటే 1941 డిసెంబరు, నడిచి వచ్చిన ఏడు అంటే 1942. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి గనుక ధాతలో పుట్టాడని ఎవరైనా అంటే అది 1876-77 కావచ్చు, 1936-37 కూడా కావచ్చు. సరిహద్దు ప్రాంతపు పాత దస్తావేజుల్లో ఇంకో రెండు లెక్కలు ఎదురవుతాయి. రెవెన్యూ కాగితాల్లోని ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే, జూలైలో మొదలయ్యే ఆ సంవత్సరం ఏ క్రీస్తుశకంలో మొదలైందో తెలుస్తుంది; ఫసలీ 1331 అంటే 1921 జూలై నుంచి 1922 జూన్ వరకు. ఒడియా కాగితాల్లో కనిపించే రాజు అంకం, అంటే రాజు పాలనలో ఎన్నో ఏడో చెప్పే లెక్క, కాస్త గడుసుది: అందులో 1 ఉండదు, 6తో ముగిసే అంకెలూ ఉండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. 17వ అంకం అని రాసి ఉంటే పదిహేడేళ్లు గడిచాయని లెక్క వేయకూడదు. 1, 6, 16 తీసేస్తే అది పాలనలో పద్నాలుగో ఏడు.

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడినవి మనుషుల పేర్లు. ఓడ జాబితాల్లో ఇంటిపేరు సాధారణంగా ఉండదు. పేర్ల విషయంలో ఆ మనిషి పేరు, తండ్రి పేరు, కులం మాత్రమే ఉంటాయి. కాని మన పేర్లలో దేవుడు ఉంటాడు, ఆ దేవుడికి ఒక కొండో గుడో ఉంటుంది. అప్పలస్వామి, అప్పన్న, అప్పలరాజు అంటే సింహాచలం వైపు చూడాలి. పైడిరాజు, పైడితల్లి అంటే విజయనగరం. నూకరాజు, నూకాలమ్మ అంటే అనకాపల్లి. కూర్మయ్య, కూర్మారావు అంటే శ్రీకూర్మం. ముఖలింగం అంటే వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగమే. అసిరయ్య, అసిరినాయుడు శ్రీకాకుళం పల్లెల్లో వినిపించే పేర్లు. ఒక్క పేరును పట్టుకుని తీర్పు ఇవ్వకూడదు, సింహాచలం అప్పన్న భక్తులు ఈ తీరమంతా ఉన్నారు. అయితే ఒకే కుటుంబంలో తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పేర్లు నాలుగైదు పక్కపక్కన పెట్టినప్పుడు అవి ఒకే దిక్కుకు వేలు చూపిస్తే ఆ దిక్కును తీసిపారేయకూడదు. మా ముత్తాతగారి తండ్రి కూర్మయ్య, తమ్ముడు ముఖలింగం. గంజాం పట్నంలో వెతుకుతూ తిరిగిన రెండేళ్లూ ఈ రెండు పేర్లు నాకు తెలుసు. అయినా దక్షిణానికి తిరగాలన్న బుద్ధి పుట్టలేదు.

ఇంటిపేరు ఊరి పేరే అయిన చోట జనం పొరపడే విషయం ఒకటి ఉంది. టెక్కలిలో ఉన్నంతకాలం ఎవరినీ టెక్కలివారు అనరు. టెక్కలి విడిచి మరో ఊరు చేరినప్పుడే ఆ పేరు వస్తుంది. అంటే అలాంటి ఇంటిపేరు ముత్తాత పుట్టిన ఊరిని కాదు, అంతకు ముందే ఆయన పూర్వులు వదిలిన ఊరిని చూపిస్తుంది. ఇక దాయాదులెవరో తేల్చడానికి వంశవృక్షం గీసిన కాగితం అక్కరలేదు. ఎవరి ఇంట చావు జరిగితే మనకు మైల పడుతుంది, ఎవరి ఇంట పురుడైతే మనం పాటిస్తాం అని ఇంటి ఆడవారిని అడిగితే చాలు. ఆ జాబితా మగవారు చెప్పే వంశకథ కన్నా నమ్మదగినది. తర్పణం విడిచే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు మూడు తరాల వరకు నోటికి వచ్చి ఉంటాయి.

మూడు దారులు, మూడు రకాల కాగితాలు

బర్మా దారి ఎక్కువమందిది, కాగితం తక్కువది. కారణం సులువైనదే. 1937 ఏప్రిల్ 1న విడిపోయే వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. గోపాలపూర్‌లోనో బారువలోనో కళింగపట్నంలోనో ఓడెక్కి రంగూన్‌లో దిగడం దేశం దాటడం కిందికి రాలేదు. డెక్కు మీద చాప పరుచుకుని వెళ్లిన మనిషి పేరును చెరకు తోటల కూలీల పేర్లలా పల్లెతో సహా రాసుకునే ఏర్పాటు ఏదీ లేదు. అందువల్ల ఓడ జాబితా కోసం కాలం వృథా చేసుకోకుండా, డబ్బు నడిచిన దారిని పట్టుకోవాలి. మేస్త్రీ ఇచ్చిన బయానాకు రాసిన ప్రోనోటు, రంగం నుంచి వచ్చిన మనియార్డరు రసీదు, ఆ డబ్బుతో ఊళ్లో కొన్న భూమి చెక్క తాలూకు దస్తావేజు ఎక్కడో ఉంటాయి. 1942లో నడిచి వచ్చినవారి విషయంలో, నాటి కేంద్ర ప్రభుత్వపు ప్రవాస భారతీయుల శాఖ ఫైళ్లు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. వాటి సూచికను అభిలేఖ్ పటల్ అన్న పోర్టల్‌లో ఇంటి నుంచే చూడవచ్చు. 1960లలో బర్మా ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసిన తరువాత తిరిగి వచ్చిన కుటుంబాల దగ్గర కాందిశీకుల గుర్తింపు కాగితాలుంటాయి. విశాఖలోని బర్మా క్యాంపు పేరు అలాంటి రాకపోకల నుంచి వచ్చినదే.

చెరకు తోటలకు ఒప్పందం మీద వెళ్లినవారి సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. నాటాల్‌కు వెళ్లిన మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు నాటాల్‌లో దిగారు. ఆ ఓడల జాబితాల్లో ఒక్కొక్కరికి ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీది గుర్తులు ఉన్నాయి. గంజాం, విశాఖపట్నం జిల్లాల పేర్లు వాటిలో తరచుగా కనిపిస్తాయి. మారిషస్‌లో మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ సంస్థ దగ్గర వలసదారుల రిజిస్టర్లు, కొందరి ఫొటోలు కూడా భద్రంగా ఉన్నాయి. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు కూలీలు వెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు నడిచాయి గనుక తెలుగు పేర్లు ఆ తరువాతి వలస పాసుల్లో వెతకాలి. అక్కడివారి వారసులు మనకు ఉత్తరం రాసినప్పుడు మొదట అడగవలసినది జాబితాలో వారి పూర్వుడికి ఇచ్చిన సంఖ్యనే. కథలన్నీ తరువాత వినవచ్చు.

మూడవది ఓడ సిబ్బంది దారి. కలకత్తా కలాసీలు తమ డిశ్చార్జి పుస్తకాన్ని నల్లీ అనేవారు. అది ఇంట్లో ఉంటే సగం పని అయినట్లే. అందులో ఆయన పనిచేసిన ఓడల పేర్లు, ఎక్కిన తేదీ, దిగిన తేదీ ఉంటాయి. పుస్తకం లేకపోయినా ఓడ పేరు జ్ఞాపకం ఉండవచ్చు. ఈ తీరంలో, బర్మా దారిలో ఎక్కువగా నడిచిన బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల పేర్లు చాలావరకు ఆకారంతో ముగుస్తాయి. ఎల్లెంగా, ఎక్మా, ఎరిన్‌పురా, రోహ్నా ఆ కంపెనీవే. ముసలివారు ఎల్లంగోడ అంటే అది ఎల్లెంగా ఓడ కావచ్చునని చెవికి తట్టాలి. బ్రిటిష్ ఓడల సిబ్బంది ఒప్పందపత్రాలు మూడు చోట్లకు చెదిరాయి: పదో వంతు లండన్ శివార్లలోని క్యూ జాతీయ అభిలేఖాగారంలో, 5తో ముగిసే సంవత్సరాలవి చాలావరకు గ్రీనిచ్ నావికా మ్యూజియంలో, 1863 నుంచి 1938 వరకు మిగిలినవాటిలో అధికభాగం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ఉన్నాయి. 1915 నాటి జాబితాలను పేరుతో ఉచితంగా వెతకవచ్చు. అయితే కలాసీల పేర్లు తెల్ల నావికుల పేర్లంత శ్రద్ధగా రాసినవి కావు. కనిపించకపోతే ఆయన ఆ ఓడలో లేడని నిర్ణయించకూడదు. యుద్ధంలో ఓడతోపాటు మునిగిపోయినవారైతే కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితా చూడాలి. 1943లో ఎరిన్‌పురా, రోహ్నా రెండూ మధ్యధరా సముద్రంలో మునిగాయి. ఆ జాబితాలో కొన్ని పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి.

గుమాస్తా చెవి

ఈ జాబితాలను కంటితో చదివితే చాలదు, గుమాస్తా చెవితో వినాలి. మద్రాసులోని వలస కూలీల డిపోలో రాసినవాడు తమిళుడైతే బకూ పకూ, గకూ కకూ, దకూ తకూ తేడా అతని రాతలో నిలవదు. బారువ పారువ కావచ్చు, గవర కవర కావచ్చు. కలకత్తాలో రాసినవాడు బెంగాలీ అయితే వకారం బకారమవుతుంది; వెంకన్న బెంకన్న అవుతాడు. ఆ తరువాత ఇంగ్లీషు స్పెల్లింగు మరో ముసుగు వేస్తుంది. అప్పలస్వామి అప్పల్సామిగా మారిపోవడం నాటాల్ జాబితాల్లో మామూలే. అందుకని ఊరి పేరును కాగితం మీద ఉన్నట్లు కాక, పైకి నాలుగైదు రకాలుగా పలికి, ఆ తాలూకా గ్రామాల పట్టిక పక్కన పెట్టి పోల్చుకోవాలి. గ్రామాల పట్టికలకు ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైట్లు, ఒడిశా వైపు భూలేఖ్, ఆంధ్ర వైపు మీభూమి, సరిపోతాయి. ఒడియా లిపి చదవడం మన ప్రాంతంవారికి కష్టం కాదు గనుక ఇది మనకు కలిసివచ్చిన సంగతి.

ఒక పొరపాటును ప్రత్యేకంగా చెప్పాలి. బరంపురాలు రెండు ఉన్నాయి. ఒకటి మనది, రెండవది బెంగాల్‌లోని ముర్షిదాబాద్ జిల్లాలోది. పాత ఇంగ్లీషు కాగితాల్లో రెండిటికీ ఒకే స్పెల్లింగు వాడారు. కలకత్తా నుంచి ఓడెక్కిన మనిషి కాగితంలో బరంపురం అని కనిపించగానే సంబరపడకుండా జిల్లా గడి కూడా చూడాలి. గోపాలపూర్ అన్న పేరైతే ఒడిశా, బెంగాల్‌లలో ఎన్ని ఊళ్లకు ఉందో చెప్పనలవి కాదు.

కార్యాలయాల్లో ఏది అడగాలి

జనాభా లెక్కల ఇంటింటి పత్రాలు అడిగి లాభం లేదు. బ్రిటిష్ కాలపు లెక్కల నుంచి మొత్తాల అంకెలు మిగిలాయి గాని కుటుంబాల పత్రాలను భద్రపరచలేదు. జనన మరణాల నమోదుకు మద్రాసు ప్రెసిడెన్సీలో 1899 చట్టం ఉంది గాని, పల్లెల్లో రాసిన తీరు ఎగుడుదిగుడుగా ఉంటుంది. నా అనుభవంలో మొదట అడగవలసినది సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలోని పాత సూచికలు. వాటిలో మనుషుల పేర్లతో ఒకటి, ఆస్తుల వారీగా ఒకటి ఉంటాయి. పేరు తెలిస్తే మొదటిది, చెక్క తెలిస్తే రెండవది అడగాలి. దస్తావేజులో ఒక పార్టీని పరిచయం చేసే వరుసే మన పాలిటి వంశవృక్షం: ఫలానా గ్రామ కాపురస్తుడు, ఫలానా వారి కుమారుడు, ఫలానా వృత్తి. మా ముత్తాతగారు 1920లలో బరంపురంలో స్థలం కొన్న దస్తావేజు నకలు చేతికి వచ్చినప్పుడు నాలుగో పంక్తిలో ఈ మాటలున్నాయి: బారువ కాపురస్తుడు, ప్రస్తుతం గోపాలపూర్ రేవున కాపురం, ఓడ తండేలు వృత్తి. తెలుగులోనే రాసి ఉంది. సిరా గోధుమరంగుకు తిరిగింది. బారువ అన్న మాటలో వ మీద ఒక పురుగు తిన్న రంధ్రం ఉంది.

బారువ కూడా ఒక రేవే అని అప్పుడు నాకు తట్టి ఉండవలసింది. మళ్లీ అదే పొరపాటు చేశాను, ఈసారి రెండేళ్లు కాదు, రెండు నెలలు.

ఊరు జమీందారీలోదా, సర్కారు గ్రామమా అన్నది తరువాతి ప్రశ్న. పర్లాకిమిడి, మందస, చికిటి, సురంగి, ధరాకోట, ఖల్లికోట వంటి జమీందారీల్లో భూమి లెక్కలు ఎస్టేటు కచేరీలో ఉండేవి. ప్రభుత్వ రికార్డుల్లో ఆ రైతు పేరు 1908 నాటి ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం తరువాతి హక్కుల రికార్డులోనో, ఎస్టేట్లు రద్దయిన తరువాతి సర్వేలోనో కనిపిస్తుంది. మద్రాసు వైపు రద్దు చట్టం 1948లోను, ఒడిశా వైపు 1951లోను వచ్చాయి గనుక సరిహద్దుకు అటూ ఇటూ కాగితాల వయసు కొద్దిగా తేడాగా ఉంటుంది. ప్రెసిడెన్సీ స్థాయి రెవెన్యూ బోర్డు ఫైళ్లకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారం, గంజాం కాగితాలకు భువనేశ్వర్‌లోని ఒడిశా అభిలేఖాగారం చూడాలి. ఆస్తి తగాదా ఏదైనా జరిగిన కుటుంబమైతే సివిల్ కోర్టు దావాను వదలకూడదు. అన్నదమ్ములు కలిసి ఉన్నప్పుడు రాసుకోని వంశవృక్షాన్ని విడిపోయేటప్పుడు వకీలు చేత రాయిస్తారు.

పూరీలో జగన్నాథుని సేవించడానికి, గయలో పిండం పెట్టడానికి వెళ్లినవారి పేర్లను అక్కడి పండాలు తమ ఖాతాల్లో ఊరి వారీగా, కులం వారీగా రాసుకుంటారు. అక్కడ కూడా పాత జిల్లా పేరే చెప్పాలి. ఖాతా విప్పినందుకు దక్షిణ ఇవ్వడం మర్యాద; అందులోని వాక్యాన్ని ఫొటో తీసుకోనివ్వమని ముందే అడిగి ఉంచుకోవాలి.

డీఎన్‌ఏ పరీక్షల గురించి చాలామంది అడుగుతున్నారు. డర్బన్‌లోనో పోర్ట్ లూయిస్‌లోనో ఉన్న దూరపు బంధువుతో పోలిక కుదిరితే మంచిదే. కాని మనది మేనరికాల సమాజం. తరతరాలుగా ఒకే కులంలో, దగ్గర సంబంధాల్లో పెళ్లిళ్లు జరిగాయి గనుక ఐదో తరం బంధువు మూడో తరం బంధువులా కనిపిస్తాడు. పరీక్ష సంస్థ చెప్పిన బంధుత్వాన్ని ఒకటి రెండు మెట్లు దూరం జరిపి చదువుకోవాలి. పల్లె పేరును అది ఎలాగూ చెప్పదు.

ఊళ్లోకి వెళ్లినప్పుడు

కాగితాలు ఒక పరిధి దాకా తీసుకువెళ్లి ఆగిపోతాయి. బారువలో మా ఇంటిపేరు విన్నవారు ఇద్దరే దొరికారు, ఇద్దరూ అక్కడికి రెండు కోసుల లోపలనున్న ఒక చిన్న పల్లె పేరు చెప్పారు. అలాంటి పల్లెకు వెళ్లేటప్పుడు పంట పనులు లేని నెల చూసుకోవాలి, భూమి కోసం వచ్చారన్న అనుమానం రాకుండా మొదటి మాటలోనే ఎందుకు వచ్చామో చెప్పాలి, ఎంత పాతదైనా ఒక ఫొటో చేతిలో ఉంచుకోవాలి. మనిషి పేరు అడగడం కన్నా పొలాల పేర్లు అడగడం మేలు. మనుషుల పేర్లు రెండు తరాలకు మాసిపోతాయి గాని మడిచెక్కల పేర్లను అంత త్వరగా మరిచిపోరు.

అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న ఒక ముసలమ్మ నన్ను చూసి, "మీరెవరింటోళ్లు బాబూ?" అని అడిగింది. ఇంటిపేరు చెప్పాను. ఆమె తల ఊపింది గాని ముత్తాత పేరు ఆమెకు తెలియదు. ఊళ్లో రంగం పోయినవాళ్ల పొలం ఏదైనా ఉందా మామ్మా అని అడిగితే, చేతిలోని పిక్కను పళ్లెంలో వేసి చెరువు వైపు చూపించింది. "రంగపోడి చెక్కంటారు బాబూ. ఎవరో ఓడెక్కి పోయి మళ్లా రాలేదంట. ఆడి తమ్ముడు దున్నుకునీవోడు."

ఆయన తిరిగి వచ్చాడు. ఈ ఊరికి రాలేదు, అంతే. గోపాలపూర్‌లో దిగి, బరంపురంలో స్థలం కొని, అక్కడే స్థిరపడ్డాడు.

ఆ చెక్క సర్వే నంబరు తెలుసుకుని, రెవెన్యూ కార్యాలయంలో పాత రిజిస్టరు తీయించాను. పట్టాదారు పేరు ముఖలింగం, తండ్రి కూర్మయ్య. ఆ ఇంటివారి నుంచి ఎవరెవరి చావుకు మైల పట్టారో అడిగి రాసుకుని, మా మేనత్త చెప్పిన జాబితా పక్కన పెట్టాను. రెండు ఇళ్ల పేర్లు కలిశాయి, ఒకటి కలవలేదు. అందువల్ల నోటుబుక్కులో ముత్తాత గడిలో ఊరి పేరు సిరాతో రాశాను. ఆయన తండ్రి గడిలో కూర్మయ్య పేరు కూడా సిరాతోనే ఉంది. కూర్మయ్య తండ్రి పేరును ఆ ఇంటివారు ఒకటి చెప్పారు, మా మేనత్త మరొకటి చెప్పింది. ఆ గడిలో రెండు పేర్లూ పెన్సిలుతో ఉన్నాయి.